పెరటి బ్రోకలి: సంతకు పువ్వు, ఇంటికి పిలకలు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనలో నొక సామెత కలదు. చేతికందునది మన కంటికి ఆనదు. దూరమునుండి సంచిలో వచ్చినదే గొప్పదిగా తోచును. పట్టణములలోని పెద్ద అంగళ్ళలో చల్లని అరలమీద నుంచి, పలుచని పొర చుట్టి, హెచ్చు వెలకు అమ్ముచున్న ఆకుపచ్చని బ్రోకలిని మన సభ్యులు పెక్కుమంది చూచియే యుందురు. దానిని సాగు చేసిన లాభము కలుగునా యని మమ్ము అడుగుచున్నవారును కలరు. మా యభిప్రాయమును దాచక మొదటనే చెప్పుచున్నాము. మన మైదాన ప్రాంతములలోని చిన్న రైతునకు బ్రోకలి నమ్మదగిన సంతపంట కాదు. కాని పెరటిలో 25 మొక్కలు వేసికొన్న యింటికి అది కడు మంచి కూర. ఈ రెండు మాటలును ఒకదానికొకటి విరుద్ధములని తోచవచ్చును, కావు. రెండింటికిని కారణ మొక్కటే. అది ఆ మొక్క స్వభావముననే యున్నది.

క్యాబేజీ, కాలీఫ్లవరు, నూల్‌కోలు, బ్రోకలి యను నాలుగును ఒకే మొక్కజాతికి చెందినవి. శతాబ్దములుగా తోటమాలులు తమకు నచ్చిన మొక్కలను ఏరి విత్తనము కట్టుచు వచ్చుటచేత ఒకదానిలో ఆకులు ముడుచుకొని ఉండ యైనవి. ఒకదానిలో కాండము ఊరి గడ్డ యైనది. కాలీఫ్లవరులో పువ్వు కాదగిన భాగము తెల్లని ముద్ద యైనది. బ్రోకలిలో విచ్చని మొగ్గలే దట్టమైన పచ్చని గుత్తి యైనవి. కాలీఫ్లవరు మొక్క ఒక్క పువ్వు నిచ్చి తన పని ముగించును. బ్రోకలి యట్లు కాదు. నడినెత్తి పువ్వును కోసిన పిమ్మట, వరి దుబ్బు పిలకలు వేసినట్లు, ప్రతి యాకు మొదటినుండియు చిన్న చిన్న పిలకలు వేసి, వాని కొనలయందు మొగ్గల గుత్తులను పట్టును. కోయుకొలది వేయును. బ్రోకలి యను ఇటలీ భాషా పదమునకు చిన్న మొలక యనియే యర్థము. వ్యవసాయ గ్రంథములలో దీనిని ‘స్ప్రౌటింగ్ బ్రోకలి’ యని వ్రాయుటయు ఈ పిలకల గుణమునుబట్టియే.

ఈ మొక్క చరిత్రయును మా మాటనే బలపరచుచున్నది. ఇటలీ దేశపు పల్లెలలో ఇది మొదట ఇంటి కూర. అక్కడనుండి ఇంగ్లండునకు పోగా, 1724 లో ఫిలిప్ మిల్లరను తోటల పండితుడు తన నిఘంటువులో దీనిని గూర్చి వ్రాసెను. అమెరికాలో థామస్ జెఫర్సను 1767 లోనే తన తోటలో దీని విత్తనములు వేసినట్లు వ్రాసికొనెను. అయినను మరి నూటయేబది యేండ్లవరకు ఆ దేశమున ఇది సంతకు పెద్దగా రాలేదు. 1920 ప్రాంతపు దశాబ్దమున ఇటలీనుండి వలస వచ్చిన డారిగో సోదరులు కాలిఫోర్నియాలో దీనిని విస్తారముగా సాగుచేసి, మంచుగడ్డలతో కూడిన రైలు పెట్టెలలో దేశము ఆ కొననున్న బోస్టను నగరమునకు పంపిన తరువాతనే ఇది పెద్ద వ్యాపారపు సరకైనది. అనగా పెరటి మడిలో చిరకాల మున్న కూర మంచుగడ్డయు, రైలును దొరికిన పిమ్మటనే సంత కెక్కెను. ఆ మంచుగడ్డ లేని చోట ఇది నేటికిని పెరటి కూరయే.

దీనికి కారణమును మన రైతులు గమనింపవలెను. బ్రోకలియందు మనము తినునది విచ్చని మొగ్గ. కోసిన పిమ్మటను మొగ్గ ఊరకుండదు. ఊపిరి పీల్చుచు విచ్చుటకే యత్నించును. చల్లని గిడ్డంగిలో నుంచిన కొన్ని వారములు నిలుచును. మన యెండకు గంపలో నుంచిన ఒకటి రెండు దినములలోనే పచ్చదనము పోయి పసుపు వన్నెకు దిగును. పసుపు చూపిన పువ్వును వర్తకుడు ముట్టడు. కావున శీతలపు బండి పొలము గట్టునకు రాగల రైతునకే ఈ పంట సంతలో నిలుచును. పిలకల సంగతి చెప్పనేల? అవి లేతవి, సన్నవి, జాముసేపటికే వాడును, ఒక కొలతకు రావు, వానిని మన సంతలలో కొనువారు అరుదు. ఇట్లు మొక్క ఇచ్చు పంటలో మొదటి పువ్వునకే ధర. తరువాత నెలదినములు వచ్చు పిలకలకు ధర లేదు.

గడచిన శీతకాలమున మా యెరుకలోని రైతొకడు అర యెకరమున బ్రోకలి వేసెను. పంట బాగుగనే వచ్చెను. కొందుననిన వర్తకుడు రెండు దినములు ఆలస్యముగా వచ్చి, విచ్చినవనియు, చిన్నవనియు, కాడ బోలుగా నున్నదనియు మూడవవంతు పువ్వులను తీసివేసెను. రైతు మనసు విరిగి, పువ్వులు కోసిన మడిలో పశువులను తోలెను. కాని బావి దరిని రెండు వరుసలను మాత్రము అతని ఇల్లాలు విడువనీయలేదు. మేము శివరాత్రికి ముందు వారి యింటికి పోయినప్పుడు ఆమె చేటెడు పిలకలను ఒలుచుచు, ‘షావుకారు వద్దన్న మొక్కలే మాకు నెల్లాళ్ళనుంచి కూర పెట్టుచున్నవండీ’ యని నవ్వెను. ఆ మాట మాకు కనువిప్పైనది. ఆ రైతు తన పొలమునకు వెల కట్టుకొన్నది పువ్వుతో. ఆమె వెల కట్టినది పిలకలతో. ఒకే పొలమున అతనికి నష్టము, ఆమెకు లాభము.

ఈ సంగతి ఒక కూరతో పోవునది కాదు. వరియు, పత్తియు, మిరపయు పండించు మన యిండ్లలో కూరగాయలు కొని తెచ్చుకొనుట నేడు సర్వసాధారణమైనది. వారపు సంతనాడు కూర, తక్కిన దినములు పచ్చడి మెతుకులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024 లో ప్రకటించిన మార్గదర్శకములలో పెద్దవారొకరికి దినమునకు ఆకుకూరలతో గూడ 400 గ్రాముల కూరగాయలు కావలెనని చెప్పిరి. ఈ లెక్కను నలుగురున్న రైతు యింటికి వేసి చూడుడు: దినమునకు కిలోన్నర దాటును. దీనిని సంతలో కొనగల రైతు లెందరు? 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 యేండ్ల వయస్సుగల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి సుమారు 59 మంది, తెలంగాణమున నూటికి సుమారు 58 మంది యని తేలినది. రక్తహీనతకు కారణములు పలు విధములు. ఒక్క కూరతో అది తీరదు. అయినను లోకమునకు అన్నము పెట్టు నింటిలోని యిల్లాలి పళ్ళెములో కూర లేకుండుట మన కందరకును సిగ్గుచేటు.

ఇక పెరటి బ్రోకలి లెక్క చూతము. మొక్కకును మొక్కకును అడుగున్నర ఎడముగా 25 మొక్కలకు కావలసిన చోటు 7 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు గల మడి యొక్కటి. రెండు మంచములు పరచినంత చోటు. బిందెలు కడిగిన నీరును, బియ్యము కడిగిన నీరును ఆ మడికి పెద్ద సాయము. మా పెరటిలో ఇట్టి మడినుండి, పువ్వులు కోయుట ముగిసిన పిమ్మట, మూడు నాలుగు దినముల కొకసారి నలుగురికి ఒక పూట కూర కాదగినన్ని పిలకలు వచ్చినవి. పెరడంతయు సిమెంటు చేసికొన్నవారు అడుగు లోతు గల పాత బకెట్లలోనైనను, తొట్లలోనైనను తొట్టి కొక మొక్క చొప్పున పెంచవచ్చును. అడుగున రంధ్రము లుండవలెను, ఆరు గంటలకు తక్కువ కాని యెండ పడవలెను.

సాగు విధమును క్లుప్తముగా చెప్పెదము. ఇది చలికాలపు మొక్క. సెప్టెంబరు కడపటినుండి అక్టోబరు నడిమివరకు నారు పోయవలెను. కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలోనైనను, ఎత్తుగా కట్టిన చిన్న నారుమడిలోనైనను విత్తనమును గోరు మందమునకు మించని లోతున నాటి, మొలకెత్తువరకు నీడ నీయవలెను. 25 మొదలు 30 దినములకు నాలుగైదు ఆకులు తొడిగిన నారును సాయంకాలమున నాటవలెను. నాటుటకు ముందు మడిలో రెండు మూడు గంపల చివికిన పశువుల యెరువును కలిపి త్రవ్వవలెను. పచ్చి పేడ పనికిరాదు. నాటిన మూడు వారములకు గుప్పెడు వానపాముల యెరువును మొదట వేసి మట్టి యెగద్రోయవలెను. నేల ఎన్నడును బీటలు వారరాదు, ఎన్నడును నీరు నిలువరాదు. విత్తన రకమునుబట్టి నాటిన 60 మొదలు 75 దినములకు నడినెత్తి పువ్వు తయారగును.

ఆ పువ్వును కోయుటలోనే పెరటి రైతు నేర్పు తెలియును. సంతకు పెంచువాడు పువ్వు ఇంకను పెద్దది కావలెనని వేచి యుండును. ఇంటికి పెంచువాడు వేచి యుండరాదు. మొగ్గలు బిగువుగా నుండగనే, పువ్వు అరచేతి వెడల్పు కాగనే, బెత్తెడు కాడతో కోయవలెను. తొందరగా కోసిన మొక్క తొందరగా పిలకలు వేయును. కోత ఏటవాలుగా నుండవలెను; లేనిచో మోడులో మంచునీరు నిలిచి కుళ్ళును. కోసిన మరునాడు మరల గుప్పెడు యెరువును నీరును ఇచ్చినచో పది పదునైదు దినములలో పిలకలు చేతికి వచ్చును. అవి వ్రేలెడు, జానెడు పొడవు కాగానే ఎప్పటికప్పుడు కోయుచుండవలెను. ఒక్క పిలకను పూచి కాయ కట్టనిచ్చినను మొక్క తన పని తీరెనని యెంచి క్రొత్త పిలకలను మానును. కోయక పోవుటచే మొక్క చెడునుగాని కోయుటచే చెడదు.

మేమును తప్పులు చేసియే ఇది నేర్చితిమి. మొదటి యేడు కార్తికము వెళ్ళిన తరువాత నారు పోసితిమి. శివరాత్రికి చలి శివశివా యని పోవునుగదా. మా మొక్కలు పువ్వు కట్టునప్పటికి ఎండలు ముదిరి, మొగ్గలు గుత్తి కట్టకుండగనే పసుపుపూలై విచ్చిపోయినవి. రెండవ యేడు ఇంగ్లండులో నున్న మా బంధువులు అక్కడి ఊదారంగు బ్రోకలి విత్తనములను ప్రేమతో పంపిరి. మొక్కలు మొలయెత్తు పెరిగి, గొడుగులవంటి ఆకులు వేసినవి. పిలక యొక్కటియు రాలేదు. తరువాత విచారింపగా తేలిన దేమన, ఆ ఊదారంగు రకమును అక్కడివారు వసంతమున విత్తి, చలికాల మంతయు తోటలో నిలుపుదురు. వారముల తరబడి గట్టి చలి తగిలిన పిమ్మటనే అది ఫిబ్రవరి మొదలు ఏప్రిలువరకు పిలకలు వేయును. నిరుటి కూరలు అయిపోయి క్రొత్త కూరలు రాని ఆ నెలలలో ఇదియే వారి పెరటికి దిక్కు. అందుచేతనే వారికి దానిపై అంత మక్కువ. మన మైదానములలో అట్టి చలి లేదు. కావున సభ్యులు విదేశములనుండి వచ్చిన ఊదారంగు విత్తనములకు ఆశపడక, ఆకుపచ్చని రకములనే కోరవలెను. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వారి కట్రాయి కేంద్రమునుండి వచ్చిన పూసా కేటీఎస్-1, పాలంపూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము వారి పాలం సమృద్ధి ఇట్టివి. ఇవి హిమాచల ప్రదేశమున పుట్టిన రకములు. మన చోట చల్లని నెలలలోనే వీనికి అవకాశము.

పురుగుల మాట దాటరాదు. క్యాబేజీ కుటుంబమునకు వజ్రపు మచ్చల రెక్కల పురుగును, పేనుబంకయు పరమ శత్రువులు. సంతకు కాలీఫ్లవరు పెంచు రైతులు వీనికై ఎన్ని మారులు మందు కొట్టుచున్నారో వారికే తెలియును. తాము మందు కొట్టిన మడిలోని పువ్వును తమ పిల్లలకు పెట్టమని మాతో చెప్పిన రైతులు లేకపోలేదు. ఈ మాట విన్నప్పుడు మాకు కలిగిన బాధను ఇచ్చట వర్ణింపము. 25 మొక్కల మడిలో మందు పని లేదు. ఉదయమున నొకసారి ఆకుల అడుగు భాగము చూచి పురుగులను చేతితో ఏరివేయవచ్చును; బంక పట్టిన యాకును త్రుంచి పారవేయవచ్చును; మడి చుట్టును ఒక వరుస ఆవాలు చల్లినచో పురుగులు చాలవరకు వానిమీదికే పోవును. అంతకు మించినచో వేపగింజల కషాయము చాలును. మేకలకును కోళ్ళకును మాత్రము కంప కట్టక తప్పదు. అవి మనకంటె ముందే దీని రుచి నెరుగును.

వండుటలో మన యిల్లాండ్రకు మేము చెప్పవలసినది కొంచెమే. ఉప్పు కలిపిన నీటిలో పావుగంట నానవేసినచో దాగియున్న పురుగులు తేలివచ్చును. పువ్వును, పిలకను, లేత యాకును, చెక్కు తీసిన కాడను కూడ తినవచ్చును. పారవేయదగినది ముదురు పీచు మాత్రమే. లేత యాకులు పప్పులోనికి బాగుండును. కాడను సన్నగా తరిగి పెసరపప్పుతో పొడికూర చేయవచ్చును. పచ్చి బ్రోకలి 100 గ్రాములలో సుమారు 90 మిల్లీగ్రాముల సి విటమిను గలదు. అది నీటిలో కరగునది, వేడికి చెడునది. కావున నీరు పోసి ముద్దగా ఉడికించి, ఆ నీటిని వార్చివేయుట సరికాదు. నాలుగైదు నిమిషములు ఆవిరిమీద మగ్గనిచ్చి, పచ్చదనము పోకముందే దించవలెను. ఎక్కువ ఉడికినచో దుర్వాసనయు పుట్టును. పిల్లలు దీనిని ఏవగించుకొనుటకు ఆ వాసనయే చాలును.

ఇక్కడ మన వంటయింటి తెలివి నొకదానిని చెప్పక తప్పదు. 1992 లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున పాల్ తలాలే యను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును బ్రోకలినుండి సల్ఫొరఫేను అను పదార్థమును వేరుచేసి, అది శరీరములోని విషములను హరించు శక్తులను మేల్కొల్పునని కనుగొనిరి. ఈ పదార్థము మొక్కలో సిద్ధముగా నుండదు. ముక్క కోసినప్పుడు మొక్కలోనే యున్న ఒక రసముతో కలిసి పుట్టును. ఆ రసము వేడికి చచ్చును. అందుచేత బాగుగా ఉడికిన బ్రోకలిలో సల్ఫొరఫేను పుట్టుట తగ్గును. అట్టి రసమే పచ్చి ఆవాలలోను గలదు గనుక, ఉడికిన బ్రోకలిపై ఆవపిండి చల్లినచో అది మరల పుట్టుచున్నదని ఇటీవలి పరిశోధనలలో తేలినది. మన యింట పనసపొట్టు కూరకును, అరటికాయ కూరకును దించిన తరువాత ఆవ నూరి పెట్టుట తరతరముల వాడుక. బ్రోకలి కూరకును అట్లే చెంచాడు ఆవాలు, రెండెండు మిరపకాయలు, ఉప్పు నూరి, దించిన పిమ్మట కలిపి చూడుడు. రుచికి రుచి, గుణమునకు గుణము. దీనివలన ఫలాన రోగము కుదురునని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పి అమ్మువారిని నమ్మవలదనియే చెప్పుచున్నాము. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిను వంటి మందు పుచ్చుకొనువారు మాత్రము దీనిలో కె విటమిను హెచ్చుగా నుండుటచేత వైద్యుని నడిగి, తినునది రోజుకు ఒక్క తీరుగా తినుట మంచిది.

ఇంతవరకు చదివిన పెద్దలు కొందరు, ‘తోటకూర, గోంగూర, బచ్చలి, మునగాకు ఉండగా ఈ సీమకూర మన కేల?’ యని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. మునగాకులోను తోటకూరలోను బ్రోకలిలో కంటె సున్నమును ఇనుమును హెచ్చు. ఖర్చు లేదు, చలి యక్కరలేదు, విత్తనము మన యింటిదే. ఈ రెండింటిలో ఒకదానినే యెన్నుకొనవలసి వచ్చినచో మేమును మునగచెట్టునే యెన్నుకొందుము. వేసవిలో కూర కరవైన నెలలకు బ్రోకలి ఏమియు చేయజాలదు. అప్పుడు మునగయు బచ్చలియే మనకు రక్ష. కాని ఎన్నుకొనవలసిన పని లేదు. ఆకుకూరలలోని ఇనుమును శరీరము పట్టుకొనుటకు సి విటమిను తోడ్పడును. కావున బ్రోకలి మన యాకుకూరలకు పోటీ కాదు, తోడు. సీమకూర యను ఆక్షేపణకు సమాధానము మన వంటయింటిలోనే యున్నది. మిరపకాయ పోర్చుగీసువారి రాకకు పిమ్మట వచ్చినది. టొమాటోయు బంగాళాదుంపయు అట్టివే. కాలీఫ్లవరు 1822 లో సహరాన్‌పూరు తోటలోనికి ఇంగ్లండునుండి వచ్చినది. నేడు వీనిని పరాయివని యెవరనుచున్నారు? పెరటిలో నాలుగేండ్లు పెరిగి, ఆవపెట్టి వండినది మన కూరయే.

అసలైన యడ్డంకి వేరొకటి గలదు. అది విత్తనము. రైతులకు అమ్ము హైబ్రిడు బ్రోకలి విత్తనపు పొట్లము సాధారణముగా పది గ్రాములది. గ్రామునకు సుమారు 300 గింజల చొప్పున దానిలో 3,000 గింజలు. 25 మొక్కలు కావలసిన యిల్లాలు 3,000 గింజలను కొని యేమి చేయును? హైబ్రిడు మొక్కనుండి కట్టిన విత్తనము మరుసటి యేడు అదే గుణమును చూపదు. దాచుకొన్న గింజలును యేటేట శక్తి తగ్గును. ఒంటరి యింటికి ఇది తలకు మించిన ఖర్చు. నూరిండ్లు కలిసినచో ఖర్చే కాదు. మొలవని వానిని, చచ్చిన వానిని 500 తీసివేసినను 2,500 నారుమొక్కలు మిగులును; అనగా నూరిండ్లకు, ఇంటికి 25 చొప్పున. 98 గుంటల ట్రేలు 31 చాలును. ఇంతకంటె సులభమైన సహకారపు లెక్క మాకు తోచదు. 1956 లో స్థాపితమైన ముల్కనూరు సంఘమువారు వరి విత్తనములను సభ్యుల చేతనే పండించి పంచుచు, విత్తనము సంఘపు పని యని లోకమునకు చూపిరి. మనము నూరిండ్లకు నారు పోయలేమా?

కావున మన సంఘము ముందర ఈ సూచనల నుంచుచున్నాము. ఒకటి: ప్రతి సంవత్సరము ఆగస్టు మాసమున సంఘము ఆకుపచ్చని రకపు బ్రోకలి విత్తనమును ఒక పొట్లము కొనవలెను. రెండు: సెప్టెంబరు కడపట సగము, పదునైదు దినములకు తక్కిన సగము, సభ్యురాండ్రలో నేర్పుగల ఒకరిద్దరి చేత నారు పోయించి, వారి శ్రమకు తగిన కూలి నీయవలెను. రెండు దఫాల నారువలన ఇండ్లలో పిలకలు ఒక్కసారిగా ముగియక జనవరినుండి శివరాత్రివరకు సాగును. మూడు: అసలు ఖర్చునకే నారును పంచవలెను, లాభము కూడదు, ఉచితమును కూడదు. ఊరక వచ్చిన నారునకు నీరు పోయువా రుండరు. నాలుగు: నారుతో కూడ ప్రతి యింటికిని ఒక మునగకొమ్మను, గుప్పెడు తోటకూర విత్తనములను ఈయవలెను. బ్రోకలి శివరాత్రికి సెలవు తీసికొనును; ఆ మడి ఖాళీగా నుండరాదు.

ఈ పని వలన సంఘపు లెక్కల పుస్తకములో లాభ మేమియు కనబడదని కొందరనవచ్చును. నిజమే. పెరటిలో కోసి పొయ్యిమీదికి పోయిన కూర ఏ ఖాతాలోను వ్రాయబడదు. బావి దరి రెండు వరుసలను కాపాడుకొన్న ఆ యిల్లాలి లాభమును ఏ లెక్కగాడును వ్రాయలేదు. అయినను ఆ యింట నెలదినములు కూర యున్నది. పంట లెక్కలు వేయుటలో మనము సంత కళ్ళతో చూచుట మాని, ఒక్కొకసారి వంటయింటి కళ్ళతోను చూడవలెను. వర్తకుడు వద్దన్న దంతయు వ్యర్థము కాదు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. ఆ సమావేశమునకు సభ్యులు ఒంటరిగా రాక తమ యింటి ఆడువారితో గూడ రావలెననియు మా ప్రార్థన. ఈ పనిలో వారి మాటయే ముందు వినవలసినది. ఈ లోపల పెరటిలో రెండు మంచముల చోటు చూచి, రాళ్ళేరి, ఒక గంప యెరువును వేసి త్రవ్వి యుంచుడు. చలి తానై వచ్చును. మడి మాత్రము మనము సిద్ధము చేయవలెను.